బొమ్మా బొరుసా: వాన మీద రైతు వేసే లెక్క



రోహిణి కార్తె వెళ్ళిపోతుంటే పాలమూరు చెల్కల్లో దుక్కులు సిద్ధమై ఉంటాయి. విత్తనాల సంచి ఇంటికొచ్చి ఉంటుంది, చాలా ఇళ్ళలో అప్పు మీదే. ఇక తేల్చుకోవలసింది ఒక్కటే. తొలకరి పడగానే గొర్రు కట్టాలా, ఇంకో వాన కోసం ఆగాలా? తొందరపడి వేశాక బెట్ట వస్తే మొలక మాడిపోతుంది, విత్తనం మళ్ళీ కొనాలి. ఆగితే అదను తప్పుతుంది, గింజ పట్టే వేళకు నేలలో తడి ఉండదు. ఆలోచించుకుందామని వారం రోజులు కూర్చునే వీలు లేదు, పదును ఆరిపోతుంది. సలహా చెప్పేవాళ్ళు ఊళ్ళో పదిమంది ఉంటారు. నష్టం వస్తే పంచుకునేవాళ్ళు మాత్రం ఒక్కరూ ఉండరు.

ఈ ఒక్క నిర్ణయం చుట్టూ ప్రపంచంలో పేరుమోసిన ఆర్థికవేత్తలు దాదాపు యాభై ఏళ్ళుగా పరిశోధన చేస్తున్నారు. అందులో పెద్ద భాగం మన పాలమూరులో, అంటే ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో, మన రైతుల వాకిళ్ళలో కూర్చుని చేసింది. అమెరికా, ఐరోపా పత్రికల్లో అచ్చయిన ఆ ఫలితాలు తెలుగులో మనదాకా వచ్చింది తక్కువ. ఈ పూట అవి కొన్ని చెబుతాను.

హైదరాబాదు పక్కన పటాన్‌చెరులో 1972లో ఇక్రిశాట్ సంస్థ వెలిసింది. మెట్ట పంటల పరిశోధన దాని పని. మంచి విత్తనం తయారుచేస్తే సరిపోదు, రైతు దాన్ని ఎందుకు వేస్తాడో, ఎందుకు వేయడో కూడా తెలియాలని అక్కడి ఆర్థికవేత్తలు 1975లో ఆరు ఊళ్ళు ఎంచుకున్నారు. మహారాష్ట్రలో నాలుగు, మన పాలమూరులో రెండు. ఆ రెండు ఔరేపల్లి, డోకూర్. ఊరికి నలభై కుటుంబాలు. వాటిలో ముప్ఫై సేద్యం చేసుకునేవి, పది భూమి లేని కూలి కుటుంబాలు. పరిశోధక సిబ్బంది ఆ ఊళ్ళలోనే కాపురముండి ఎవరు ఏం వేశారు, ఎంత కూలి ఇచ్చారు, ఏం తిన్నారు, ఎవరి దగ్గర అప్పు తెచ్చారు, ఏ ఎద్దు అమ్మారు అన్నీ మూడు నాలుగు వారాలకొకసారి రాసుకుంటూ పోయారు. ఏళ్ళ తరబడి రాశారు. మన దగ్గరే అంతగా తెలియని ఔరేపల్లి పేరు అభివృద్ధి ఆర్థికశాస్త్రం చదివే పరిశోధక విద్యార్థులకు దేశదేశాల్లో తెలుసు.

ఆ రోజుల్లో ఒక అభిప్రాయం పాతుకుపోయి ఉండేది. పేద రైతుకు భయం ఎక్కువ, కొత్తదంటే జంకు, అందుకే పేదవాడిగా మిగిలిపోతున్నాడు అని. ఆఫీసుల్లో కూర్చున్నవాళ్ళకు ఇది చాలా సౌకర్యమైన అభిప్రాయం. తప్పంతా రైతు మనసులోనే ఉందంటే మన పథకంలో వెతకనక్కర్లేదు కదా. స్విట్జర్లాండులో పుట్టి ఇక్రిశాట్‌కు వచ్చిన హాన్స్ బిన్స్‌వాంగర్ ఈ మాట నిజమో కాదో డబ్బు పెట్టి చూద్దామనుకున్నారు.

ఆయన పెట్టింది బొమ్మా బొరుసా ఆట. రైతు ముందు కొన్ని ఎంపికలుంటాయి. మొదటిది ఎంచుకుంటే నాణెం ఎటు పడ్డా 50 రూపాయలు మీవే. రెండోదాంట్లో ఒకవైపు పడితే 45, మరోవైపు పడితే 95. ఇంకొకదాంట్లో 40 లేదా 120. మరొకటి 30 లేదా 150. ఇలా పోతూ పోతూ చివరిది, పడితే 200, పడకపోతే సున్నా. గమనించండి, కింది మెట్టుకు వెళ్ళేకొద్దీ వచ్చే మొత్తం సగటున పెరుగుతుంది, చేతికి ఖాయంగా దక్కేది తగ్గుతుంది. ఆ కాలంలో కూలి మనిషి నెలంతా కష్టపడితే వచ్చే డబ్బుకన్నా పెద్ద మొత్తాలు ఈ ఆటలో ఉన్నాయి. వెంటనే చెప్పమని ఎవర్నీ తొందరపెట్టలేదు. ఇంట్లోవాళ్ళతో మాట్లాడుకుని, ఆలోచించుకుని వచ్చి చెప్పేందుకు రోజులు గడువిచ్చారు. నాణెం ఎగరేసి, వచ్చిన డబ్బు నిజంగానే చేతిలో పెట్టారు.

అర్ధరూపాయి పందెంగా ఉన్నప్పుడు ఎవరి ధోరణి వారిది. కొందరు ధైర్యంగా చివరి మెట్టుకు దూకారు, కొందరు మొదటి మెట్టు దిగలేదు. పందెం పెద్దదయ్యేసరికి దాదాపు అందరూ మధ్య మెట్ల మీదికి చేరారు. గుడ్డి ధైర్యం లేదు, వణుకూ లేదు. మితమైన జాగ్రత్త, అంతే. అసలు విశేషం ఇంకోటి. భూమి ఎక్కువున్నవాడికీ, లేనివాడికీ ఈ జాగ్రత్తలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అంటే పేదవాడి మనసు వేరే పదార్థంతో తయారు కాలేదు. పేదవాడు కొత్త విత్తనం వేయలేదంటే కారణం అప్పు పుట్టకపోవడంలోనో, నష్టం వస్తే ఆదుకునే దారి లేకపోవడంలోనో వెతకాలి. బిన్స్‌వాంగర్ 1980లో ఈ ఫలితాలు ప్రచురించారు.

మరో మాట కూడా ఆయన రాశారు, అది సర్వేలు చేసేవాళ్ళందరూ గోడకు రాసి పెట్టుకోవాలి. ఇవే ప్రశ్నల్ని డబ్బు లేకుండా, ఊరికే నోటిమాటగా అడిగి కూడా చూశారు. ఆ జవాబులకూ, డబ్బు పెట్టినప్పటి ఎంపికలకూ పొంతనే కుదరలేదు. అడిగే మనిషిని బట్టి కూడా జవాబు మారిపోయింది. ఒక ఏడాది ముందే, 1979లో, డేనియల్ కానమన్, ఏమోస్ ట్వర్‌స్కీ కలిసి లాభనష్టాల గురించి మనిషి ఎలా ఆలోచిస్తాడో చెబుతూ ఒక వ్యాసం వేశారు. దానికి ఇప్పుడున్న పేరు అందరికీ తెలుసు, కానమన్‌కు 2002లో నోబెల్ వచ్చింది. ఆ వ్యాసంలోని ప్రశ్నలన్నీ విద్యార్థులనూ అధ్యాపకులనూ ఊహించుకుని చెప్పమని అడిగినవి. వాటి విలువ నేను తక్కువ చేయడం లేదు. అయితే అదే కాలంలో నిజం డబ్బుతో, ఆ డబ్బు అవసరమున్న మనుషులతో చేసిన పని మన ప్రాంతంలో జరిగిందన్న సంగతి మన పాఠ్యపుస్తకాలకు ఎక్కకపోవడం నాకు నచ్చదు.

సరే, అందరిదీ ఒకటే జాగ్రత్త అయితే ఆ జాగ్రత్తకు అందరూ ఒకటే ధర కడుతున్నారా? ఇక్కడ కథ మారుతుంది. ఆ ఊళ్ళ లెక్కల పుస్తకాలే తీసుకుని మార్క్ రోజెన్‌వైగ్, బిన్స్‌వాంగర్ కలిసి 1993లో ఒక వ్యాసం రాశారు. వాన ఎప్పుడొస్తుందో నమ్మకం లేని చోట పేద రైతు లాభం తక్కువైనా ఫరవాలేదని నిలకడైన పంటలకు, నిలకడైన పెట్టుబడికి సర్దుకుంటాడు. ఆస్తి ఉన్నవాడు ఆ అవసరం లేకుండా లాభం ఎక్కువ వచ్చే పంటకే వెళతాడు. ఆ అనిశ్చితి ఒక మోస్తరు తగ్గినా అట్టడుగు పాతిక శాతం రైతుల లాభం 35 శాతం దాకా పెరగవచ్చని వాళ్ళ అంచనా. చూడండి, కరువు వచ్చిన ఏడాది నష్టం అందరికీ కనిపిస్తుంది, పేపర్లో పడుతుంది. కరువు వస్తుందేమోనన్న భయానికి రైతు మంచి ఏడాదిలో కూడా కట్టే ఈ సుంకం ఎవరి లెక్కలోకీ రాదు.

ఈ భయానికి ఊళ్ళు తమ విరుగుడు తాము చేసుకున్నాయి. చేబదుళ్ళు, ఎద్దు అమ్ముకోవడం, బంధువుల సాయం. రోజెన్‌వైగ్, ఒడెడ్ స్టార్క్ 1989లో ఒక చిత్రమైన సంగతి బయటపెట్టారు. ఆదాయం ఎక్కువ ఊగిసలాడే కుటుంబాలు ఆడపిల్లల్ని దూరపు ఊళ్ళకు ఇస్తున్నాయట. మన ఊళ్ళో వాన పూర్తిగా తప్పిపోయిన ఏడు వియ్యంకుల ఊళ్ళో పడి ఉండవచ్చు, అక్కడినుంచి సాయం వస్తుంది. పెళ్ళిచూపులకు వెళ్ళేటప్పుడు ఏ తండ్రీ వర్షపాతం పట్టిక జేబులో పెట్టుకుని వెళ్ళడు, నిజమే. కానీ ‘అక్కడ చెరువుంది, పిల్ల సుఖపడుతుంది’ అన్న మాట మన ఇళ్ళల్లో విననివాళ్ళెవరు? పరిశోధకులు తమ భాషలో చెప్పింది దానికి దగ్గరి విషయమే.

ఇక అసలు వివాదానికి వస్తాను. బీమా.

2003లో బేసిక్స్ అనే సంస్థ, ఐసీఐసీఐ లాంబార్డ్ కంపెనీ కలిసి, ప్రపంచ బ్యాంకు సాంకేతిక సహాయంతో పాలమూరు రైతులకు వర్షపాత బీమా అమ్మడం మొదలుపెట్టాయి. ముఖ్యంగా ఆముదం, వేరుశనగ వేసేవాళ్ళకు. కాగితం మీద చూస్తే తెలివైన ఏర్పాటు. పంట నష్టాన్ని కొలవడానికి అధికారి రానక్కర్లేదు, లంచానికీ తగాదాకూ తావు లేదు. దగ్గరి వర్షమాపకంలో నమోదైన వాన తక్కువైతే డబ్బు దానంతటదే వస్తుంది. కాలాన్ని మూడు దశలు చేశారు. విత్తడం 35 రోజులు, పూత 35 రోజులు, కోత 40 రోజులు. మొదటి రెండు దశల్లో వాన తక్కువైతే పరిహారం, మూడోదాంట్లో ఎక్కువైతే పరిహారం. లెక్క మొదలయ్యేది జూన్ 1 నుంచి కురిసిన వాన మొత్తం 50 మిల్లీమీటర్లు దాటిన నాడు, దాటకపోతే జూలై 1న. ఒకరోజు 2 మిల్లీమీటర్ల కన్నా తక్కువ పడితే అది లెక్కలోకి రాదు, ఆవిరైపోయే చినుకు కాబట్టి. 60 దాటి పడితే 60 గానే లెక్క, మిగతాది వాగులో పోతుంది కాబట్టి. నాకు ఈ షరతులు చూస్తే ముచ్చటేస్తుంది, సేద్యం తెలిసినవాళ్ళు రాశారనిపిస్తుంది. కానీ ఒక్కసారి రైతు వైపు నుంచి వినండి. మిల్లీమీటరు అంటే ఏమిటో ఎవరూ చెప్పని మనిషి ఇది వింటున్నాడు. వర్షమాపకం మండల కేంద్రంలో ఉంది. అక్కడ కురిసి తన చేను ఎండితే?

2004లో జేవియర్ గినే, రాబర్ట్ టౌన్సెండ్, జేమ్స్ వికరీ ఆ బీమా అమ్మిన ఊళ్ళలో సర్వే చేశారు. నూటికి ఐదుగురు కూడా కొనలేదు. అంతకన్నా వింత, పుస్తకం ప్రకారం జాగ్రత్త ఎక్కువున్నవాడు బీమా ముందుగా కొనాలి. ఇక్కడ జాగ్రత్తపరులే దూరంగా ఉన్నారు. బేసిక్స్ గురించి ముందు తెలియనివాళ్ళలో ఈ ధోరణి మరీ ఎక్కువ. ఇందులో వింతేముంది? వాన ఒక జూదమైతే, ముఖం తెలియని కంపెనీ చేతిలో డబ్బు పెట్టడం ఇంకో జూదం. జాగ్రత్తపరుడు రెండో జూదం వద్దన్నాడు.

ఆ తర్వాత మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాల్లోనూ, గుజరాత్‌లోనూ ఇదే బృందం మరికొందరితో కలిసి ప్రయోగాలు చేసింది. 2013లో అచ్చయిన ఆ వ్యాసంలో రెండు సంగతులు నాకు ముఖ్యం. బీమా గురించి చెప్పడానికి ఇంటికొచ్చిన కొత్త మనిషిని ఊరికి పరిచయమున్న బేసిక్స్ ప్రతినిధి ‘ఈయన మనవాడే, వినండి’ అని చెబితే కొనుగోళ్ళు మూడో వంతుకు పైగా పెరిగాయి. బేసిక్స్ పేరే తెలియని ఊళ్ళలో ఆ పరిచయం ఏమీ పనిచేయలేదు. రెండోది, తమ సమయం ఇచ్చినందుకు కొన్ని ఇళ్ళకు 25 రూపాయలు, కొన్ని ఇళ్ళకు 100 రూపాయలు ఇచ్చారు. ఎవరికి ఎంతన్నది చీటీ వేసినట్టే నిర్ణయించారు. 100 అందిన ఇళ్ళల్లో బీమా కొన్నవాళ్ళు రెట్టింపుకు పైగా ఉన్నారు. అంటే బీమా వద్దనుకుని మానలేదు, చేతిలో డబ్బు లేక మానారు. జూన్ నెలలో రైతు జేబు ఖాళీగా ఉంటుందని తెలుసుకోవడానికి ఇంత ప్రయోగం కావాలా అని మీరు నవ్వవచ్చు. కావాలి మరి. బీమా ఎప్పుడు అమ్మాలో నిర్ణయించేవాళ్ళకు ఆ జేబు సంగతి తెలియదు.

ధర కూడా దాచకూడదు. మూడు దశాబ్దాల వాన లెక్కలు ముందు పెట్టుకుని చూస్తే ఆ బీమాలో రైతు కట్టిన ప్రీమియంలో సగటున మూడో వంతు అటూ ఇటూగా మాత్రమే తిరిగి వచ్చేటట్టు ఉంది. డబ్బొచ్చేది దాదాపు మహా కరువుకే. రైతుకు ఈ లెక్క ఎవరూ వేసి చూపించలేదు, అయినా కొనలేదు. ఇది అజ్ఞానమంటారా?

ఇదే బీమాను 2009లో కొంతమంది రైతులకు ఉచితంగా ఇచ్చి చూశారు. మరికొందరికి దాని విలువకు సరిపడా డబ్బిచ్చారు. బీమా ఉన్నవాళ్ళు ఆముదం, వేరుశనగ వైపు, అంటే ముప్పు ఎక్కువైనా రాబడి ఎక్కువున్న పంటల వైపు కదిలారు. ధైర్యం నూరిపోయలేదు, శిక్షణ ఇవ్వలేదు. నష్టపోతే ఆదుకుంటామన్న కాగితం ఒకటి చేతికిచ్చారు, అంతే. తర్వాత 2016లో కేంద్రం ఫసల్ బీమా యోజన తెచ్చి వానాకాలం తిండిగింజలకు, నూనెగింజలకు రైతు వాటా 2 శాతమే అంది. మిగతాది ప్రభుత్వాలు కట్టాలి. ధర సమస్య తీరింది, నమ్మకం సమస్య తీరలేదు. 2020లో తెలంగాణ ఆ పథకంలోంచి బయటికొచ్చింది. ఆంధ్రప్రదేశ్ బయటికెళ్ళి 2022లో మళ్ళీ చేరింది. ప్రభుత్వాలే ఉండాలో వద్దో తేల్చుకోలేని పథకం మీద రైతు నమ్మకం పెంచుకోవాలనడం అన్యాయం.

ఇప్పుడు వాన రాకడ సంగతి. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికెరుక అని మన పెద్దలన్నారు. రెండోదాని గురించి నేను మాట్లాడను. మొదటిదాని గురించి మాత్రం రైతుకు కొంత ఎరుక ఉందని గినే, టౌన్సెండ్, వికరీ తేల్చారు. రైతుల ముందు కార్తెల పేర్లతో గడులు గీసిన కాగితం పెట్టి, పది రాళ్ళు చేతికిచ్చి, ఈ ఏడు విత్తేంత వాన ఎప్పుడొస్తుందనుకుంటున్నారో దాని ప్రకారం సర్దమన్నారు. మృగశిరలో ఆరు, ఆరుద్రలో మూడు, రోహిణిలో ఒకటి, ఇలా ఎవరి నమ్మకం వారిది. శాతాలు, సంభావ్యత అని ఒక్క ముక్క లేకుండా మనసులో ఉన్నదంతా కాగితం మీదికొచ్చింది. తర్వాత పాత వాన రికార్డులతో పోల్చి చూశారు. బోరు లేనివాళ్ళు, అప్పు సులువుగా పుట్టనివాళ్ళు, అంటే వాన తప్పితే కోలుకోలేనివాళ్ళు, మిగతావాళ్ళకన్నా సరిగ్గా చెప్పారు. అవసరం ఉన్నవాడే లెక్క సరిగ్గా నేర్చుకున్నాడు. రైతు దృష్టిలో రుతుపవనం వచ్చినట్టంటే ఏమిటో కూడా ఆ అధ్యయనం పట్టుకుంది. వాతావరణ శాఖ ప్రకటన ఒకటి, నల్లరేగడిలో గొర్రు దిగేంత తడి ఇంకొకటి. ఎర్ర చెల్కకు తక్కువ వాన చాలు, రేగడికి ఎక్కువ కావాలి. టీవీలో రుతుపవనాలు వచ్చేశాయని చెప్పిన రోజుకూ, మన చేను తడిసిన రోజుకూ సంబంధం లేకపోవడం మీకు అనుభవమే.

తాజా అధ్యయనం 2022 నాటిది. ఫియోనా బర్లిగ్, అమీర్ జీనా, ఎరిన్ కెల్లీ, గ్రెగరీ లేన్, హర్షిల్ సహాయ్ అనే అయిదుగురు ఆర్థికవేత్తలు తెలంగాణలో 250 ఊళ్ళు తీసుకున్నారు. జర్మనీలోని పోట్స్‌డామ్ వాతావరణ పరిశోధన సంస్థ తెలంగాణకు రుతుపవనం ఎప్పుడొస్తుందో నెలకు పైగా ముందే అంచనా వేస్తుంది. కొన్ని ఊళ్ళలో రైతులకు ఆ అంచనా చెప్పారు, కొన్ని ఊళ్ళలో బీమా ఇచ్చారు, కొన్నింట్లో ఏదీ లేదు. అంచనా అందరికీ ఒకటే, ఆ ఏడు వాన మామూలు సమయానికి వస్తుందని. కానీ ముందే వస్తుందనుకున్న రైతుకు అది చెడు కబురు, ఆలస్యమవుతుందని బెంగపడ్డవాడికి మంచి కబురు. చెడు కబురు అందుకున్నవాళ్ళు సాగు విస్తీర్ణం సుమారు ఐదో వంతు తగ్గించుకున్నారు, పెట్టుబడులూ కొన్ని తగ్గించారు. మంచి కబురు అందుకున్నవాళ్ళు పెట్టుబడి పెంచారు. ఏ పంట వేయాలన్నదీ మారింది. బీమా ఊళ్ళలో రైతులు పెట్టుబడి పెంచారే గానీ, వాన గురించి వాళ్ళ నమ్మకం మారలేదు, మారనక్కర్లేదు కూడా.

విస్తీర్ణం తగ్గించడాన్ని వైఫల్యంగా చూసే అలవాటు మన వ్యవసాయ శాఖలకుంది. సాగు లక్ష్యం ఇన్ని లక్షల ఎకరాలని పెట్టుకుంటారు, తగ్గితే సంజాయిషీ. వాన కలిసిరాదని తెలిసి విత్తనం, అప్పు మిగుల్చుకున్న రైతు నష్టపోలేదు, బాగుపడ్డాడు. ఏది మానాలో చెప్పిన సమాచారానికి కూడా విలువ కట్టడం మనం ఇంకా నేర్చుకోలేదు.

2025 వానాకాలంలో కేంద్ర వ్యవసాయ శాఖ కృత్రిమ మేధ నమూనాలతో తయారైన రుతుపవన సూచనల్ని 13 రాష్ట్రాల్లో 3.8 కోట్ల మంది రైతుల ఫోన్లకు సందేశాలుగా పంపింది. ఆ ఏడు రుతుపవనాలు మే 24నే కేరళను తాకాయి, ఆ తర్వాత దారి మధ్యలో కొన్నాళ్ళు కదలకుండా ఆగిపోయాయి. ఆ విరామం గురించి సందేశాలు ముందే చెప్పాయి. తొలి వాన చూసి మురిసి విత్తనం వేయబోయినవాణ్ణి ఆపగలిగే కబురు అది. ఇంత దూరం వచ్చాం. ఇక మిగిలింది ఆ కబురు ఎవరి నోట వస్తోంది, రైతు దాన్ని నమ్ముతాడా అన్నది. పాలమూరు ప్రయోగాల్లో తేలింది ఇదే, పరిచయమున్న మనిషి చెబితే వింటారు. ఫోన్‌లో వచ్చే సందేశాలన్నీ లాటరీ తగిలిందనే మోసాలైన కాలంలో ఇది చిన్న చిక్కు కాదు.

అందుకని ఇద్దరికి రెండు మాటలు. బీమా పథకాలు రాసే పెద్దలు పాలసీ మొదటి పేజీలోనే ఏ వర్షమాపకం, ఏ ఊళ్ళో ఉంది, గత ఇరవై ఏళ్ళలో ఈ షరతుల ప్రకారం ఎన్ని ఏళ్ళు డబ్బు వచ్చి ఉండేదో తెలుగులో అచ్చు వేయండి. ప్రీమియం కట్టే గడువు విత్తనాల కొనుగోలు వారంలో పెట్టకండి, పంట డబ్బు చేతికొచ్చే నెలల్లో పెట్టండి. రైతు సోదరులకు, అక్కచెల్లెళ్ళకు నాదొక విన్నపం. వచ్చే వేసవిలో రుతుపవన సూచన వినేముందే, ఈ ఏడు విత్తే వాన ఏ కార్తెలో వస్తుందని మీ మనసులో ఉందో ఒక కాగితం మీద రాసుకోండి. ఆ తర్వాత సూచన వినండి. మీ తేదీకీ, వాళ్ళ తేదీకీ ఎంత తేడా ఉందో చూసుకుని, ఆ తేడా మేరకే దుక్కి, విత్తనం, అప్పు సర్దుకోండి. మూడు నాలుగేళ్ళు అలా రాసి పెట్టుకుంటే ఎవరి మాట ఎంత నిజమైందో మీ చేతిలోనే లెక్క ఉంటుంది.